నా నాలుగు సీతాఫలం గింజలు

జూన్ 2, సోమవారం

నిన్న కూడా నేనే గెలిచాను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాలుగు నెలల్లో అష్టాచెమ్మలో నేను ఓడిపోయిన ఆదివారం ఒక్కటి కూడా లేదు. గొప్పలు చెప్పుకోవడం కాదు. ఎవరూ చదవని నోటుబుక్కులో అబద్ధాలు రాసుకుని ఏం చేసుకుంటాను? యాకుత్‌పురాలో రైలెక్కితే లింగంపల్లి దాకా గంటకు పైనే ప్రయాణం. కిటికీ పక్క సీటు దొరికిన రోజు రాస్తాను, దొరకని రోజు లోలోపల తిట్టుకుంటాను.

ఈ ఆటను ఈసారి మా కంపెనీ రిక్రియేషన్ క్లబ్బులో కూడా పెట్టాలని ఉంది. పదకొండేళ్ళుగా దానికి సెక్రటరీని నేనే. నియమాలు నోటీసు బోర్డులో పెట్టాలి కాబట్టి చిత్తు ఇక్కడే రాసుకుంటున్నాను. ఇరవై అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. చుట్టూ తిరిగి, లోపలి గళ్ళలోకి దూరి, నడి గడిలో చేరితే కాయ పండినట్టు. దారిలో ఎవరి కాయ మీద పడితే ఆ కాయ చస్తుంది, మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఇంటూ గీతలున్న గడిలో కూర్చున్న కాయను చంపకూడదు. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్ళలోకి పోకూడదు. నియమాలు ఇంతే.

మా ఇంట్లో గళ్ళు వెనక వరండాలో షాబాద్ బండ మీద ఉన్నాయి. మామగారు బతికున్నప్పుడు మేకుతో గీశారట. కాయలు మాత్రం ఎవరివి వాళ్ళవే. మా అత్తమ్మ సక్కుబాయివి ఆవిడ పెళ్ళినాటి నీలం గాజు ముక్కలు. మా ఆయన గోవర్ధన్‌వి నాలుగు ఇనప నట్లు, నీళ్ళ బోర్డులో లైన్‌మన్ దగ్గర ఇంకేముంటాయి? ఆయన కూతురు సోనీవి చిన్నప్పటి గులాబీరంగు గాజు ముక్కలు. నాకు మొదటి ఆదివారమే అత్తమ్మ నాలుగు సీతాఫలం గింజలు తీసిచ్చింది. నల్లగా, నున్నగా ఎంత ముద్దుగా ఉన్నాయో! కాయల డబ్బాలో ఒక గుడ్డ మూట కూడా ఉంది, అందులో ఆకుపచ్చ గాజు ముక్కలు. అవి సోనీ వాళ్ళమ్మవి. ఆమె పోయి మూడేళ్ళు. ఆ మూట నేను ముట్టుకోను.

సోనీకి పన్నెండేళ్ళు. నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేక, ఏమనీ పిలవకుండా మర్యాదగా సర్దుకుపోతోంది. తొందరేం లేదు. నేనేమీ ఎదురు చూడటం లేదు.

జూన్ 5, గురువారం

ఈరోజు సోనీ నాతో తనంతట తాను మాట్లాడింది. "కరెంటు పోయింది" అంది.

జూన్ 9, సోమవారం

క్లబ్బులో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే. ఆటను చూసి మనుషులను కూర్చోబెట్టకూడదు, మనిషిని చూసి ఆట పెట్టాలి. అకౌంట్స్ రామలింగయ్య గారు ఓడిపోతే మూడు రోజులు ఫైలు కదలదు. ఆయనను చదరంగంలో కూర్చోబెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. క్యారమ్స్ డబుల్స్‌లో వేస్తే ఓటమి అంతా పక్కవాడి నెత్తిన రుద్ది హాయిగా టీ తాగుతాడు. ఎవరికి ఓటమి ఎక్కడ గుచ్చుకుంటుందో కనిపెడితే చాలు, ఆట దానంతటదే దొరుకుతుంది.

ఇంట్లోనూ అదే విద్య ప్రయోగిస్తున్నాను. సోనీకి సరిపోయే ఆట ఏదో కనిపెడితే ఆ పిల్ల మనసు దానంతటదే తెరుచుకుంటుంది. కోఠిలో రంగుల కార్డుల ఆట ఒకటి కొన్నాను. రంగు మీద రంగు, అంకె మీద అంకె వేస్తూ చేతిలో కార్డులన్నీ ఖాళీ చేసుకోవాలి. కొన్ని కార్డులు వేస్తే పక్కవాళ్ళు నాలుగేసి కార్డులు తీసుకుని చావాలి.

అట్ట పెట్టె తెరవగానే అత్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"పేక ముక్కలా? ఏందిది భాగ్యా! నీళ్ళ బోర్డోళ్ళింట్ల పేకాట అని బస్తీ అంత లొల్లి చేస్తరు."

"పేకాట కాదత్తమ్మా, రంగులాట. పిల్లలది."

"పిల్లలదైతె నాకెందుకు?"

పది నిమిషాల్లో ఆట పట్టేసింది. కన్నకొడుకు మీద వరసగా మూడుసార్లు నాలుగు కార్డుల శిక్ష వేసి, "తీస్కో బిడ్డా, తీస్కో, నీ కర్మ" అని పొట్ట పట్టుకుని నవ్వింది. గోవర్ధన్ చేతిలో కార్డులు పట్టక ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేనే గెలిచాను. నాకు ముందు వంతు సోనీది. ఆట అయ్యాక చూస్తే దాని చేతిలో శిక్ష కార్డులు మూడు మిగిలిపోయి ఉన్నాయి. వాటిని వాడాలని తట్టలేదు పాపం. పిల్లలకు దాచుకునే గుణం ఎక్కువ.

జూన్ 16, సోమవారం

క్యారమ్స్. బోర్డు పక్కింటి సామ్యూల్‌ది. వారమంతా ఏసీలు రిపేరు చేస్తాడు, ఆదివారం పొద్దున చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మధ్యాహ్నం మా ఇంట్లో ఉంటాడు. సోనీకి గురి గొప్పగా ఉంది. అయితే రెడ్ దగ్గర ఎందుకో చేయి తడబడుతోంది. మూడుసార్లు రెడ్‌ను పాకెట్ అంచు దాకా తెచ్చి వదిలేసింది, మూడుసార్లూ నేను కొట్టుకున్నాను.

"వదినె లక్కుకు మొక్కాలె" అన్నాడు సామ్యూల్. అత్తమ్మ వాడి కాలు తొక్కింది. ఎందుకో తెలియదు.

లక్కు కాదు, సాధన.

జూన్ 23, సోమవారం

వైకుంఠపాళి తెచ్చాను. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఓడిపోయాను. అదీ ఆఖరి స్థానం. రెండుసార్లు పై గడి దాకా ఎక్కి పెద్దపాము నోట్లో పడ్డాను. రెండోసారి పడ్డప్పుడు సోనీ పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

పాచిక సరైనది కాదనుకుంటాను, ఒకవైపు బరువెక్కువ. అయినా ఇది ఆటేనా? ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు, పాచిక ఎలా పడితే అలా. అటక మీద పెట్టేశాను.

జూన్ 30, సోమవారం

నిన్న మళ్ళీ అష్టాచెమ్మ. గెలిచాను.

ఆఫీసులో సర్క్యులర్ వచ్చింది. కంపెనీ క్వార్టర్లు తీసుకుని వేరేచోట ఉంటున్నవాళ్ళు ఆగస్టు ముప్పై లోపు ఖాళీ చేయాలట. లేదా 'క్వార్టర్‌లోనే నివసిస్తున్నాను' అని సంతకం పెట్టి ఇవ్వాలట. నా క్వార్టర్ తాళం చెవి హ్యాండ్‌బ్యాగు జిప్పులో ఉంది. మొక్కలకు నీళ్ళు పోయాలి కదా, అందుకే ఉంచుకున్నాను.

జూలై 8, మంగళవారం

తాళం చెవి మొక్కల కోసమే కాదు. బీరువా కూడా అక్కడే ఉంది. ఈ ఇంటి గుమ్మంలోంచి అది పట్టదు.

జూలై 11, శుక్రవారం

వానాకాలం రైళ్ళు ఆలస్యమైతే ఆఫీసు దగ్గర ఒక గది ఉండటం మంచిదే. గోవర్ధన్‌తో అన్నాను. "నీ ఇష్టం" అన్నాడు. ఈయన కోపంగా 'నీ ఇష్టం' అన్నా, ప్రేమగా 'నీ ఇష్టం' అన్నా ఒకేలా ఉంటుంది. పంపు తిప్పినా నీళ్ళు రానప్పుడు జనం ఈయన మీద ఎందుకు అరుస్తారో ఇప్పుడు అర్థమవుతోంది.

జూలై 21, సోమవారం

నిన్న పాతబస్తీ బోనాలు. పొద్దున్నే అత్తమ్మ నా ఎడమచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏంది బిడ్డా, పండుగ పూట గూడ గా వాచీ ఒక్కటేనా? చెయ్యంత బోసిగున్నది."

లాడ్‌బజార్ నుంచి తెప్పించిన డజను ఎర్ర మట్టిగాజులు రెండు చేతులకూ ఎక్కించింది. సబ్బునీళ్ళు రాసి, వేళ్ళు మడిచి, ఒక్కటీ పగలకుండా. చివరి గాజు ఎక్కాక "ఇగ రోజు వేస్కో, తీయకు" అంది. కంప్యూటర్ మీద టైపు చేస్తుంటే గలగలమంటాయని చెప్పాను. "అననియ్యి" అంది.

చీర కుచ్చిళ్ళకు పిన్ను కావాల్సి వచ్చింది. నా రెండు చేతులూ సబ్బు. "సోనీ, నా బ్యాగు జిప్పులో పిన్ను ఉంది, తెస్తావా?" అన్నాను. తెచ్చింది. పిన్నుతో పాటు తాళం చెవి కూడా చేతిలో ఉంది. దానికి ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద క్వార్టర్ నంబరు.

"ఇదేం తాళం చెవి?"

"పాతింటిది."

"ఇంకా మీదేనా?"

"మొక్కలున్నాయి సోనీ. నీళ్ళు పోయాలి కదా."

తాళం చెవి ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి, జిప్పు జాగ్రత్తగా మూసింది. వస్తువులు సర్దిపెట్టే అలవాటు ఉన్న పిల్ల.

జూలై 29, మంగళవారం

పొద్దున బియ్యం డబ్బా మూత తీస్తుంటే ఒక గాజు పగిలింది. అత్తమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. ఆవిడ మొహం చింకి చాటంత అయింది! "పగిలిందా? మంచిగైంది" అంది. పెద్దతనం, వినికిడి సరిగ్గా లేదేమో. సోనీ వచ్చి ముక్కలన్నీ ఏరి తీసుకెళ్ళింది. చెప్పకుండానే శుభ్రం చేస్తోంది. నా పెంపకం అప్పుడే పనిచేస్తోందనుకుంటాను.

ఆగస్టు 4, సోమవారం

గెలిచాను. ఆట మొదలయ్యే ముందు అత్తమ్మ సోనీ వైపు చూసి కళ్ళెగరేసింది. సోనీ అడ్డంగా తలూపి, నా ముందు సీతాఫలం గింజలు పెట్టింది. వాళ్ళ మధ్య ఏదో రహస్యం. మిఠాయి గురించి అయి ఉంటుంది.

ఆగస్టు 11, సోమవారం

ఈరోజు సీటు దొరకలేదు. నిలబడి రాస్తున్నాను, అక్షరాలు ఎటు పోతే అటు పోనీ.

శనివారం రాఖీ. అత్తమ్మ తమ్ముడు ఓదెలు మామ సిద్దిపేట నుంచి వచ్చి, రాఖీ కట్టించుకుని, నిన్న కూడా ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట. గోవర్ధన్‌కు పైపు లీకేజీ డ్యూటీ. అత్తమ్మ, సోనీ, నేను, మామ నలుగురం కూర్చున్నాం. సామ్యూల్ గడప మీద కూర్చుని సోంపు నములుతున్నాడు.

అత్తమ్మ డబ్బాలోంచి నాలుగు సీతాఫలం గింజలు తీసి ఓదెలు మామ ముందు పెట్టింది. నా గింజలు! నా మొహం చూసి తడబడి, డబ్బా అడుగున వెతికి ఇంకో నాలుగు గింజలు తీసి నాకిచ్చింది. "సున్నం బొట్టు పెట్టుకో, కలిసిపోకుంట" అంది. పెట్టుకున్నాను. కొంచెం మనసు చివుక్కుమంది గానీ పెద్దాయన, ఊరి నుంచి వచ్చాడు, పోనీలే అనుకున్నాను.

ఆట మాంచి రంజుగా సాగింది. నావి నాలుగు కాయలూ బాగా తిరిగాయి, కానీ ఎవరినీ చంపలేదు కాబట్టి లోపలికి పోనివ్వరు. అత్తమ్మ కాయలూ సోనీ కాయలూ గీతల గళ్ళలో భద్రంగా కూర్చున్నాయి. బయట తిరుగుతున్నది మామ కాయ ఒక్కటే, నాకు సరిగ్గా మూడు గళ్ళ దూరంలో. గవ్వలు వేశాను. మూడు! ఠపీమని ఆయన కాయను పక్కకు తోసి "చచ్చింది!" అని అరిచాను.

ఎవరూ అరవలేదు. అత్తమ్మ గబగబా లేచి తమ్ముడికి మంచినీళ్ళు తెచ్చింది, ఆయనకేదో నిజంగా దెబ్బ తగిలినట్టు.

"తాగు ఓదెలూ. ఏమనుకోకు. ఎరుకలేక చేసింది."

"అయ్యో, ఏమైందక్కా, ఆటనే గద" అన్నాడు మామ. కానీ మీసం మాత్రం ముడుచుకుంది.

"నేనేం చేశాను?" అన్నాను.

"చుట్టాన్ని సంపుతరా బిడ్డా?" అంది అత్తమ్మ మెల్లగా. "మనింట్ల చుట్టాల కాయను సంపరు. ఇంటికొచ్చినోళ్ళను ఓడగొట్టి పంపుతమా? మీ మామ బతికున్నప్పుడు పెట్టిన పద్ధతి."

"ఎవరు చుట్టమో కాయలను బట్టి ఎలా తెలుస్తుంది?"

సామ్యూల్ నోట్లో సోంపు ఉండగానే మాట జారింది. "సీతాఫలం గింజలు చుట్టాలయే గద వదినె! నాకు గూడ మొదట ఏడాది అవే ఇచ్చిన్రు. నేను మస్తు ప్లేయర్ననుకున్న. బస్తీలంత చెప్పుకున్న. ఒకనాడు నా చెప్పు గుండీలు తెచ్చి కాయలు చేసిన్రు, గప్పటికెల్లి ఒక్క ఆదివారం గెలిస్తె ఒట్టు!"

అత్తమ్మ ఈసారి వాడి కాలు తొక్కలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది.

నా ముందు సున్నం బొట్లు పెట్టుకున్న నాలుగు గింజలు. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. నా తరవాత సోనీ ఆడాల్సింది, గవ్వలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"నేను చుట్టాన్నా?" అన్నాను.

"అట్లగాదు బిడ్డా..." అంది అత్తమ్మ. "ఈ ఇంట్ల ఆడోళ్ళు ఎవరి గాజు ముక్కలతోని వాళ్ళు ఆడుతరు. నీకు గాజు పగిలినంక కాయలు చేద్దమనుకున్న. నువ్వేమో వాచీ పెట్టుకుంటివి. అది పగిలేది గాదాయె."

"గాజు పగిలి పన్నెండు రోజులైంది కదా!"

అత్తమ్మ సోనీని చూసింది. సోనీ బండ మీది గళ్ళను చూస్తూ చెప్పింది.

"తాళం చెవి ఉన్నోళ్ళు చుట్టాలే గదా. ఎప్పుడంటే అప్పుడు పోతరు."

ఆట గెలిచింది ఓదెలు మామ. మళ్ళీ ఆయన కాయ జోలికి ఎవరూ పోలేదు, నేను కూడా.

ఆగస్టు 12, మంగళవారం

మూడు శిక్ష కార్డులు దాని చేతిలో మిగిలిపోయాయని రాశాను. రెడ్ దగ్గర చేయి తడబడిందని రాశాను. 'నియమాలు ఇంతే' అని రాశాను. పదకొండేళ్ళ సెక్రటరీని! ఒక్క వైకుంఠపాళిలోనే నేను ఓడిపోయానంటే, పాములకు మర్యాద తెలియదు కాబట్టి.

ఆగస్టు 13, బుధవారం

చాలా కోపంగా ఉంది. నాలుగు నెలలు, అయిదు, ఆరు నెలలు. ఒక మనిషిని ఆరు నెలలు గెలిపిస్తారా? ఇంతకంటే అవమానం ఏముంటుంది? నాకు సరిపడే ఇల్లు నాకుంది. 'క్వార్టర్‌లోనే నివసిస్తున్నాను' అనే ఫారం నింపాను. సంతకం ఒక్కటే మిగిలింది. పెన్ను సరిగ్గా రాయడం లేదు.

ఆగస్టు 14, గురువారం

పెన్ను బాగానే రాస్తోంది.

ఆగస్టు 17, ఆదివారం

మొక్కలకు నీళ్ళు పోయాలని చెప్పి పొద్దున్నే క్వార్టర్‌కు వచ్చేశాను. మొక్కలు ఎప్పుడో చచ్చిపోయాయి. ఒక్క కలబంద బతికి ఉంది, అది నీళ్ళు అడగదు. బీరువా తెరిచి చూశాను. అందులో ఉన్నది పాత దుప్పట్లు, క్లబ్బు సర్టిఫికెట్లు.

అరలో పేకముక్కల కట్ట దొరికింది. ఒంటరిగా పేర్చుకునే ఆట మూడుసార్లు ఆడాను. మూడుసార్లూ గెలిచాను. రెండుసార్లు కింది ముక్క తొంగి చూసి. అడిగేవాళ్ళెవరు? పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు ఈ గదిలో ఈ ఆటే ఆడాను. గెలిచిన సంగతి చెప్పడానికి గోడ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. నాకు ఏడుపొచ్చింది. కాసేపు బాగా ఏడ్చాను.

మనిషిని చూసి ఆట పెట్టాలని ఎన్నిసార్లు రాశానో! ఇంట్లో అందరినీ చూశాను, నన్ను తప్ప. నాకు ఓటమి ఎక్కడ గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసింది. ఒకవేళ అక్కడ నాకు చోటు దొరక్కపోతే, ఓడిపోయి వెళ్ళిపోయిందని ఎవరూ అనకుండా ముందే బ్యాగులో దారి పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ పిల్లకు తల్లి పోయిన ఇల్లు అది. పోయేవాళ్ళను ముందే గుర్తుపట్టడం దానికి వచ్చు. నేను దానికి ఆటలు కొన్నాను గానీ అది నన్ను చూస్తున్న సంగతి చూడలేదు.

మూడింటికి ఫోను మోగింది. గోవర్ధన్ నంబరు, కానీ మాట్లాడింది సోనీ.

"నానమ్మ అడుగుమన్నది. ఆటకు వస్తరా రారా అని. ముగ్గురమే ఉన్నం."

"సామ్యూల్‌ను కూర్చోబెట్టుకోండి."

"ఆయనకు ఏసీ సర్వీసున్నదట." వెనక నుంచి అత్తమ్మ ఏదో అందిస్తోంది, ఇది వినడం లేదు. "పాముల ఆట అటక మీద ఎందుకు పెట్టిన్రు?"

"నీకు నచ్చలేదనుకున్నాను."

"అదొక్కటే మంచిగుండె. మీరు మస్తు ఓడిపోయిన్రు."

ఫోను పెట్టేశాక లేచి కలబంద కుండీని సంచిలో పెట్టుకున్నాను.

ఆగస్టు 22, శుక్రవారం

ఖాళీ చేస్తున్నట్టు ఫారం ఇచ్చేశాను. తాళం చెవి ఎస్టేట్ సెక్షన్ బల్ల మీద పెట్టాను. బిళ్ళతో సహా. బీరువాను క్లబ్బుకు ఇచ్చాను, క్యారమ్ బోర్డులు పెట్టుకుంటారు.

గోవర్ధన్‌కు చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు. ఈసారి తేడా తెలిసింది. చెప్పి బయటికి వెళ్ళి, అరకిలో జిలేబీ పట్టుకుని తిరిగొచ్చాడు.

సోనీకి చెప్పలేదు. ఏమని చెప్పను? 'నన్ను చంపు తల్లీ' అని ఎలా అడుగుతారు?

ఆగస్టు 25, సోమవారం

నిన్నటిది వివరంగా రాయాలి. సీటు కూడా దొరికింది.

మధ్యాహ్నం వరండా కడిగి బండ తుడిచాం. గోవర్ధన్ ఇంట్లోనే ఉన్నాడు. అందరం కూర్చున్నాక నేను కొంగు సర్దుకుంటూ అన్నాను. "సోనీ, బ్యాగు జిప్పులో పిన్ను ఉంటుంది, తెస్తావా?"

వెళ్ళింది. ఒక పిన్ను తేవడానికి పట్టాల్సిన దానికంటే చాలాసేపు పట్టింది. జిప్పు తెరిచిన చప్పుడు వినిపించింది, పక్క జిప్పు కూడా తెరిచింది, మూడో అర కూడా. గోవర్ధన్ నా వైపు చూశాడు, నేను గవ్వలు లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

వచ్చి పిన్ను నా చేతిలో పెట్టింది. మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి అగ్గిపెట్టెతో వచ్చింది. తెరిచి నా ముందు బోర్లించింది. నాలుగు ఎర్ర గాజు ముక్కలు. అంచులు గుచ్చుకోకుండా బండకు రాసి రాసి నున్నగా చేసింది. ఇది ఒక్కరోజు పని కాదు. గాజు పగిలిన నాటి నుంచీ అరగదీసి దాచిపెట్టింది, ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక.

నా సీతాఫలం గింజలు నాలుగూ ఏరి డబ్బాలో వేసి, గట్టిగా మూత పెట్టింది.

"ఆడుండ్రి" అంది.

ఏం ఆట అది! మొదటి రౌండులోనే అత్తమ్మ నా కాయను చంపింది. "ఆరు నెలల సంది ఆగిన బిడ్డా, చేతులు గుంజుతున్నయ్!" అని గవ్వలను కళ్ళకద్దుకుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, చంపిన ప్రతిసారీ పూనకం వచ్చినట్టు ఊగింది. గోవర్ధన్ ఒకటి చంపి "సారీ" అన్నాడు. "డాడీ, సారీ అనొద్దు, గట్ల ఆడుతరా?" అని సోనీ మందలించింది. గోడ అవతల ఏసీ బిగిస్తున్న సామ్యూల్, "వదినె సచ్చిందా? ఎన్నిసార్లు?" అని కేక వేశాడు.

నాకు నిజంగా ఆట రాదని నిన్నే తెలిసింది. ఎప్పుడు గీతల గడిలో ఆగాలో తెలియదు, ఎప్పుడు ఉరకాలో తెలియదు. ఎవరూ నన్ను తరమకపోతే ఇవన్నీ ఎలా వస్తాయి? ఎలాగో ఒకసారి గోవర్ధన్ నట్టును చంపి లోపలికి దూరాను. నా కాయ ఒక్కటి గళ్ళన్నీ దాటి, నడి గడికి ఒక్క అడుగు దూరంలో నిలబడింది. ఒకటి పడితే పండుతుంది. సోనీ కాయ దాని వెనక నాలుగు గళ్ళ దూరంలో ఉంది. దాని వంతు.

గవ్వలు గుప్పిట్లో పెట్టుకుని నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. శిక్ష కార్డులు దాచుకున్న చూపు అది. ఈసారి కూడా దాచుకుంటుందేమోనని నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ఏం చూస్తావు? వెయ్" అన్నాను.

వేసింది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడ్డాయి. చెమ్మ! సరిగ్గా నాలుగు.

"సచ్చింది!" వరండా దద్దరిల్లేట్టు అరిచింది. నా ఎర్ర ముక్కను తీసి నా ఒళ్ళో విసిరింది. "పో! మల్ల మొదటికెల్లి రా! గదేం ఆట నీది, ఇల్లిడిచి ఉరుకుతవ్? గీతల గడిల కూసోవాలె గద, గంత గూడ ఎరుకలేదా నీకు?"

నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏమైంది బిడ్డా? ఆటల ఏడుపేంది?" అంది అత్తమ్మ.

"కంట్లో సున్నం పడింది" అన్నాను.

"సున్నమేడిది? నీకిప్పుడు సున్నం బొట్లు లేవు గద" అంది సోనీ. లేచి వెళ్ళి, చిన్న గిన్నెలో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి, మళ్ళీ తన చోట్లో కూర్చుంది. "కడుక్కొని తొందరగ ఆడు. అందరం ఆగినం."

ఆఖరి స్థానం నాదే. ఒక్క కాయ కూడా పండలేదు.

కాయలు డబ్బాలో సర్దేటప్పుడు సోనీ ఆకుపచ్చ ముక్కల మూటను విప్పి, ఒకసారి చూసుకుని, మళ్ళీ ముడి వేసింది. దాని పక్కన నా అగ్గిపెట్టె పెట్టింది. నేను చూడనట్టు గవ్వలు తుడిచాను.

ఆగస్టు 26, మంగళవారం

నిన్న సాయంత్రం వాళ్ళు అటక మీంచి పాముల ఆట దించారు. అందులోనూ చిత్తుగా ఓడిపోయాను.

ఇప్పుడు ఈ పేజీ వెనక గళ్ళు గీసుకుని, సోనీ గులాబీ కాయ ఒకటి పండబోయే ముందు దాన్ని ఎక్కడ కాచుకుని చంపాలో లెక్క వేస్తున్నాను. ఎంత మునిగిపోయానంటే రైలు లింగంపల్లిలో ఆగి, పెట్టె మొత్తం ఖాళీ అయి, ఊడ్చే ఆమె వచ్చి "మేడం, దిగరా?" అనేదాకా తెలియలేదు.

ఆదివారానికి ఇంకా అయిదు రోజులున్నాయి.